గ్లవ్స్ విప్పేసిన వాళ్ల కోసం

ఒలింపిక్స్ బాక్సింగ్‌లో మన దేశానికి ఇప్పటిదాకా వచ్చినవి మూడు పతకాలు. 2008లో బీజింగ్‌లో విజేందర్ సింగ్, 2012లో లండన్‌లో మేరీ కోమ్, ఆ తర్వాత టోక్యోలో లవ్లీనా బొర్గోహెయిన్. మూడూ కాంస్యాలే. ఈ ముగ్గురి గురించి పేపర్లో చదివాం, టీవీలో చూశాం, పిల్లలకు పాఠంగా చెప్పుకున్నాం. ఈ రోజు నా ప్రసంగం వాళ్ల గురించి కాదు. బాక్సర్ కావాలని మనసులో గట్టిగా అనుకుని మధ్యలో ఆగిపోయిన వాళ్ల గురించి, అసలు మొదలే పెట్టని వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. నేను విశాఖపట్నం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా వైపు ఇప్పటికీ డ్రిల్లు మాస్టారనే పిలుస్తారు. ఛాంపియన్లను నేను దూరం నుంచే చూశాను. ఆగిపోయిన పిల్లలు మాత్రం నా కళ్ల ముందే పెరిగారు. ఇప్పుడు వాళ్లలో కొందరి పిల్లలు మా బడికే వస్తున్నారు.

ముందు మొదలుపెట్టని వాళ్ల సంగతి. 1999లో పవన్ కల్యాణ్ 'తమ్ముడు' సినిమా వచ్చినప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో చింతచెట్టుకో, ఇంటి వెనక దూలానికో ఒక గోనెసంచి వేలాడుతూ కనపడేది. సంచి నిండా ఇసుక. 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' వచ్చాక మళ్లీ కొత్త సంచులు వేలాడాయి. ఆ రెండు సినిమాల్లో ఉన్నది కిక్ బాక్సింగ్. మా పిల్లలకు ఆ తేడాతో పని లేదు, గుద్దడం ఒకటే కావాలి. ఇసుక సంచితో ఒక చిక్కు ఉంది. రెండు రోజులకే ఇసుక అడుక్కి దిగి రాయిలా బిగుసుకుపోతుంది. దాని మీద వట్టి చేతులతో గుద్దితే వేళ్ల కణుపులు చిట్లుతాయి, మణికట్టు మెలికపడుతుంది. అసలైన పంచింగ్ బ్యాగులో ఎక్కువగా ఉండేది పాత గుడ్డపేలికలు. ఈ ముక్క చెప్పేవాళ్లు ఆ ఊళ్లలో ఒక్కరు ఉండి ఉంటే, ఆ సంచుల్లో కొన్నయినా ఇంకొన్నాళ్లు వేలాడేవి. వారం తిరిగేసరికి చెయ్యి వాచి, అమ్మ పసుపు పట్టు వేసి, నాన్న నాలుగు తిట్టి, సంచి దింపేసేవారు. ఆ పిల్లవాడి బాక్సింగ్ అక్కడితో సరి.

అది పిల్లల సరదా అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. సరదాగా గుద్దినవాళ్లు ఉన్నారు, నిజమే. కానీ చెయ్యి వాచినా మర్నాడు ఎడమచేత్తో గుద్దిన వాణ్ణి కూడా నేను చూశాను. వాడికి కావలసింది నేర్పేవాడు. నేర్పేవాళ్లు ఉన్నది నగరంలో. ప్రాక్టీసు ఉదయం ఐదున్నరకు. మొదటి బస్సు ఆరుంపావుకు. ఆ బస్సే ఇంకో గంట ముందు వచ్చి ఉంటే వాడు ఏమయ్యేవాడో మనకు తెలియదు. ఇలాంటి వాళ్లు ఏ రికార్డుల్లోనూ ఉండరు. ఓడిపోయిన బాక్సర్‌కు కనీసం ఓడినట్టు ఒక కాగితమైనా ఉంటుంది, వీళ్లకు అదీ లేదు.

ఇక మొదలుపెట్టిన వాళ్లు. బాక్సింగ్ నేర్చుకోవడానికి వచ్చిన పిల్లకు మొదటిరోజే గ్లవ్స్ ఇవ్వరు. ముందు నిలబడటం నేర్పుతారు. ఎడమకాలు ముందుకు, కుడిమడమ కొద్దిగా పైకి, గడ్డం కిందికి, రెండు చేతులూ మొహం దగ్గర. తర్వాత చేతికి పట్టీ చుట్టుకోవడం నేర్పుతారు. నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది ఆ పట్టీ. చివరున్న ఉచ్చు బొటనవేలికి తగిలించి, మణికట్టు చుట్టూ మూడు నాలుగు చుట్లు, అరచేతి మీదుగా పైకెక్కి కణుపుల మీద మళ్లీ మూడు చుట్లు, ఒక్కొక్క వేలి సందులోంచి తీసి, తిరిగి మణికట్టు దగ్గర అంటించాలి. బిగుతైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వదులైతే ఎముక దెబ్బతింటుంది. కుడిచేత్తో ఎడమచేతికి చుట్టుకోవడం తేలికే, ఎడమచేత్తో కుడిచేతికి చుట్టుకోవడానికే వారం పడుతుంది. ఈ పట్టీ సరిగ్గా చుట్టుకోవడం వచ్చిన రోజున పిల్లల మొహంలో ఒక వెలుగు కనిపిస్తుంది. గెలిచిన రోజున కూడా అంత వెలుగు ఉండదని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత నెలల తరబడి తాడాట, పరుగు, షాడో బాక్సింగ్, బ్యాగు. అప్పుడు మొదటి స్పారింగ్. ఎదురుగా మనిషి ఉంటాడు, వాడూ కొడతాడు. ముక్కు మీద మొదటి గుద్దు పడగానే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. అది ఏడుపు కాదు, ముక్కు మీద దెబ్బ పడితే ఎవరికైనా కన్నీళ్లు వస్తాయి. చూసేవాళ్లకు మాత్రం ఏడుస్తున్నట్టే ఉంటుంది. ఆ మర్నాడు కొందరు రారు. వాళ్లను పిరికివాళ్లనకండి. ఆటలన్నిటిలోనూ దెబ్బలు తగులుతాయి కానీ, దెబ్బ కొట్టడమే ఆటగా ఉన్నవి కొన్నే. తనకది పడదని ఒక పదమూడేళ్ల పిల్లవాడు తెలుసుకుంటే, వాడు తన గురించి ఒక నిజం తెలుసుకున్నట్టే. మంచి కోచ్‌లు అలాంటి వాణ్ణి ఇంటికెళ్లి లాక్కురారు. ఎదురుపడితే భుజం తట్టి, కబడ్డీకి రమ్మంటారు.

నా బాధంతా అది తనకు పడుతుందని తెలిసీ ఆగిపోయిన వాళ్ల గురించే.

మా బడిలో ఒకమ్మాయి ఉండేది. ఎడమచేతి వాటం. బాక్సింగ్‌లో ఎడమచేతి వాటం వాళ్లంటే ఎదుటివాళ్లకు లెక్క తప్పుతుంది. జిల్లా దాటి రాష్ట్ర పోటీల దాకా వెళ్లింది. పదో తరగతి సెలవుల్లో ఒక సాయంత్రం వచ్చి, ఉతికి ఆరేసి చుట్టలు చుట్టిన రెండు పట్టీలు నా బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, ఇవి చిన్న క్లాసు పిల్లలకెవరికైనా ఇవ్వండి" అంది. ఏమ్మా అన్నాను. "మా పెదనాన్న ఒప్పుకోలేదండి. ముక్కు వంకరైతే సంబంధాలు రావంట" అంది. వాళ్ల నాన్నను కలిశాను. ఆటో నడిపేవాడు. మంచివాడు. "నాకైతే పంపాలనే ఉంది మాస్టారూ. మా అన్నయ్య మాట కాదంటే రేపు దాని పెళ్లికి నిలబడేదెవరు?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన భయం వట్టి భయం కాదు. ఆ పెళ్లి పందిట్లో నేను వెళ్లి నిలబడలేను కదా.

ఇదే మాట నిజామాబాద్‌లో ఇంకో ఇంట్లోనూ వినపడింది. నిఖత్ జరీన్ మొదట పరుగులు తీసేది. గ్రౌండులో మగపిల్లలు బాక్సింగ్ చేస్తుంటే చూసి, ఆడపిల్లలు ఎందుకు లేరని వాళ్ల నాన్నను అడిగింది. నాన్న జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. కోచ్ షంసముద్దీన్ దగ్గర చేర్పించారు. మొదట్లో కన్ను కమిలి ఇంటికొస్తే తల్లి ఏడ్చింది, ఇలాగైతే నిన్నెవరు చేసుకుంటారంది. నిక్కర్లు వేసుకుని ఆడటమేమిటని చుట్టాలూ ఇరుగుపొరుగూ అన్నారు. జమీల్ గారు ఆ మాటలను కూతురి దాకా రానివ్వలేదు. కూతుళ్ల చదువు కోసం, ఆట కోసం సౌదీలో ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి ఆయన. ఆ అమ్మాయి 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2011కీ 2022కీ మధ్య దారి సాఫీగా లేదు. 2017లో భుజం గాయంతో దాదాపు ఏడాది ఆటకు దూరమైంది. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపిక బౌట్‌లో మేరీ కోమ్ చేతిలో 9–1 తేడాతో ఓడింది. ఆగిపోవడానికి ఈ రెండూ చాలినన్ని కారణాలే. ఆమె ఆగలేదు.

మా ఊరి అమ్మాయి నిఖత్ అంతటిది అయ్యేదని నేను అనను. ఆ మాట ఎవరూ అనలేరు. ఇద్దరి ఇళ్లలోనూ వినపడ్డది ఒకటే మాట, వినపడిన తర్వాత జరిగింది వేరు. అంతవరకే చెప్పగలను.

ఇంట్లో ఒప్పుకున్నా సరిపోదు, కాటా కూడా ఒప్పుకోవాలి. బాక్సింగ్‌లో బరువును బట్టే పోటీ. పోటీ రోజు పొద్దున్నే తూస్తారు. వంద గ్రాములు ఎక్కువున్నా ఆ రోజు రింగులోకి దిగనివ్వరు. ఈ బరువుల విభాగాలు నిర్ణయించేది ఎక్కడో, ఎవరో. 2012లో మొదటిసారి ఆడవాళ్ల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు పెట్టినవి మూడే విభాగాలు: 51, 60, 75 కేజీలు. మేరీ కోమ్ అంతకుముందు గెలిచిన ఐదు ప్రపంచ టైటిళ్లూ 48 కేజీలు, అంతకంటే తక్కువ బరువుల్లోనివి. ఆమె 51కి ఎదిగి వెళ్లాల్సి వచ్చింది. మా విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష 2008 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వెండి పతకం గెలిచింది, 57 కేజీల్లో. ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్లను రానిచ్చినప్పుడు ఆ 57కి చోటు లేదు. 2020లో ఆమెకు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. విశాఖలో ఈ పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? మా బడిలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది.

నిఖత్‌దీ అదే కథ. ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది 52 కేజీల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు, ఉన్నది 50. రెండు కేజీలంటే మనకు ఏమీ కాదు. ఒంట్లో కొవ్వే లేని బాక్సర్‌కు ఆ రెండు కేజీలు నీళ్లు, తిండి. నైలాన్ సూట్ వేసుకుని ఎండలో పరుగెత్తే పిల్లలను చూశాను. పోటీ ముందురోజు గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేసే పిల్లలను చూశాను. ఎదిగే వయసు పిల్లల చేత ఈ పని చేయించకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ కాటా దగ్గరే విసిగిపోయి వదిలేసిన వాళ్లు ఎందరో. వాళ్లు గుద్దులకు భయపడి వెళ్లలేదు, ఆకలికి వెళ్లారు.

ఇంకో కారణం ఉంది, దీని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. 2012 డిసెంబరులో అంతర్జాతీయ సంఘం మన బాక్సింగ్ సమాఖ్యను సస్పెండ్ చేసింది, ఎన్నికల్లో అవకతవకలని. 2014లో కొత్త సంఘం వచ్చింది, 2015 కల్లా అదీ కూలింది. మళ్లీ 2016 సెప్టెంబరులో గానీ ఇప్పుడున్న సమాఖ్య ఏర్పడలేదు. ఆ నాలుగేళ్లలో జాతీయ పోటీలు సరిగా జరగలేదు. అంతర్జాతీయ పోటీల్లో మన బాక్సర్లు మన జెండా లేకుండా దిగిన సందర్భాలున్నాయి. లండన్ ఒలింపిక్స్‌కు మన బాక్సర్లు ఎనిమిది మంది వెళ్లారు. రియోకు ముగ్గురే, అందులో ఒక్క ఆడపిల్లా లేదు. 2012లో పదిహేడేళ్ల కుర్రాడు 2016కి ఇరవై ఒకటికి వచ్చాడు. బాక్సర్‌కు ఆ ఏళ్లు వరిచేనుకు పొట్ట దశ లాంటివి, ఆ సమయంలో నీళ్లు ఆపేస్తే తర్వాత ఎంత పెట్టినా గింజ పట్టదు. పోటీ లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యంలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం లేదు. ఆ కుర్రాడు గ్లవ్స్ పక్కన పెట్టి ఏ సెక్యూరిటీ గార్డు పనికో వెళ్లిపోతాడు. తన పేరు కూడా తెలియని పెద్దమనుషుల తగాదాలో తన ఆట పోయిందని వాడికి చెప్పేవాళ్లు ఎవరు?

ఉద్యోగం మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. స్పోర్ట్స్ కోటాలో జాబు రాగానే బాక్సింగ్ మానేశాడని కొందరిని ఎత్తిపొడుస్తుంటారు. నేను ఆ మాట ఒప్పుకోను. మన దగ్గర బాక్సింగ్‌కు వచ్చే పిల్లలు ఎక్కువమంది కూలీల పిల్లలు, మత్స్యకారుల పిల్లలు, ఆటో తోలేవాళ్ల పిల్లలు. రోజుకు నాలుగు గుడ్లు, అర లీటరు పాలంటే ఆ ఇళ్లల్లో చిన్న ఖర్చు కాదు. ఆ పిల్లవాడు తిన్నది చెల్లెలు తినకుండా మిగిల్చింది. వాడు నెల జీతం తెచ్చి తల్లి చేతిలో పెడితే, వాడు గెలిచినట్టే. పంజాబ్‌కు చెందిన కౌర్ సింగ్ 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ బంగారు పతకం గెలిచాడు. 1980లో ఢిల్లీకి వచ్చిన ముహమ్మద్ అలీతో ప్రదర్శన బౌట్‌లో తలపడ్డాడు. అంతటి మనిషికి చివరి రోజుల్లో వైద్యానికి అప్పు చేయాల్సి వచ్చింది. ఇది తెలిసిన ఏ తల్లయినా ముందు ఉద్యోగం చూసుకోరా అంటే అందులో తప్పేముంది?

ఇక తల సంగతి. మనవాళ్లు దాటవేసే విషయం ఇదే. తల మీద పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్ల మెదడు దెబ్బతింటుందని అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని 1984లో బయటపడే నాటికి ఆయనకు 42 ఏళ్లు. అలీ ఆడింది ప్రొఫెషనల్ బాక్సింగ్, పదిహేను రౌండ్ల దాకా సాగేది. మన పిల్లలు ఆడేది ఒక్కోటి మూడు నిమిషాలకు మించని మూడు రౌండ్లు, ప్రమాదం అంతకంటే చాలా తక్కువ. తక్కువంటే లేదని కాదు. తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం 30 రోజులు రింగులోకి దిగకూడదని నియమం. పల్లె టోర్నమెంట్లలో ఆ నియమం పాటించేవాళ్లు తక్కువ. తలనొప్పి తగ్గడం లేదని, మాట మరిచిపోతున్నానని పిల్లవాడు చెప్తే, ఆపేయమని మొట్టమొదట చెప్పాల్సింది కోచే. రాష్ట్రానికి రావాల్సిన పతకం పోయినా సరే.

ఆగడానికి కూడా ధైర్యం కావాలి. 2023 మేలో తాష్కెంట్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన నిజామాబాద్ బాక్సరే, షంసముద్దీన్ గారి కొడుకు హుసాముద్దీన్, 57 కేజీల్లో సెమీఫైనల్‌కు చేరాడు. మోకాలు దెబ్బతింది. సెమీస్ ఆడకుండానే తప్పుకున్నాడు, కాంస్యంతో తిరిగొచ్చాడు. ఫైనల్ గడప మీద నిలబడి వెనక్కి తిరగడం ఎంత కష్టమో ఆలోచించండి. పిల్లలకు పోరాటం గురించి చెప్పే పాఠాల్లో ఈ సంగతి కూడా ఉండాలని నా కోరిక.

ఆగిపోయిన వాళ్ల దగ్గర ఏం మిగిలింది అని అడుగుతారు. ఏదో ఒకటి మిగులుతుందని చెప్పి ఓదార్చడం నాకు చేతకాదు. కొందరికి బాధే మిగిలింది. టీవీలో బౌట్ వస్తుంటే ఛానల్ మార్చేసే మనిషి ఒకరు నాకు తెలుసు. కానీ ఒక సంగతి మాత్రం నేను చూసి చెప్తున్నాను. ప్రతి ఛాంపియన్ వెనకా స్పారింగ్‌కు నిలబడి దెబ్బలు కాచుకున్న వాళ్లుంటారు. వాళ్లు లేకపోతే ఆ ఛాంపియన్‌కు ఫుట్‌వర్క్ రాదు, టైమింగ్ రాదు. బ్యాగు మీద గుద్దుతూ ఎవరూ ప్రపంచ ఛాంపియన్ కాలేరు. నిఖత్ పతకంలో నిజామాబాద్ గ్రౌండులో ఆమెతో తలపడిన, తర్వాత ఎక్కడెక్కడో స్థిరపడిన పిల్లల వాటా ఉంది. ఆ వాటాను ఏ సన్మాన సభలోనూ పిలిచి చెప్పరు. చెప్పాలి.

చివరగా ఒక మనవి. మీ ఇంట్లో అమ్మాయిగానీ అబ్బాయిగానీ బాక్సింగ్ నేర్చుకుంటానంటే, వద్దనే ముందు ఒక్కసారి దగ్గర్లో ఉన్న స్టేడియానికి మీరే వెళ్లండి. ఒక పూట కూర్చుని చూడండి. కోచ్ ఎలాంటి మనిషి, హెడ్‌గార్డులు ఉన్నాయా, పిల్లల బరువు ఎలా తగ్గిస్తున్నారు, దెబ్బ తగిలితే డాక్టర్ దగ్గరకు ఎవరు తీసుకెళ్తారు, ఇవన్నీ అడగండి. జవాబులు నచ్చితే పంపండి. పెళ్లి సంబంధాల మాట అప్పుడే ఎత్తకండి, పదమూడేళ్ల పిల్లకు అది తొందర. అలాగే, రెండేళ్లు ఆడిన తర్వాత మీ పిల్ల వచ్చి ఇక చాలు అంటే, ఎందుకు అని ఒక్కసారి అడగండి. ఎవరో ఏదో అన్నారని ఆగుతుంటే తనకు అండగా నిలబడండి. తనకే వద్దనిపించి ఆగుతుంటే, పెట్టిన ఖర్చు లెక్క చెప్పకండి. ఆ నిర్ణయం తనది.